రాత్రి కింద పడుకున్నాడా?

మా చెల్లికి పోయినేడాది మెడికల్ కౌన్సిల్ నుంచి పర్మనెంట్ రిజిస్ట్రేషన్ నెంబరు వచ్చింది. అంతకుముందు ఏడాది హౌస్ సర్జన్సీ. అప్పుడూ రాత్రిళ్లు పనిచేసింది, రక్తాలు తీసింది, కుట్లు వేసింది, కాన్పులు చూసింది. కానీ ఏం చేసినా వెనకాల ఒక పీజీ ఉండేవాడు, ఆయన వెనకాల ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్. నెంబరు వచ్చిన నెలలోనే కోస్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ డాక్టరుగా చేరింది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా క్యాజువాలిటీకీ వార్డులకీ ఐసీయూకీ కలిపి తనొక్కతే డాక్టరు. పెద్ద డాక్టర్లంతా ఇళ్లలో, ఫోన్ల అవతల. ఎంబీబీఎస్ అయిపోయాక చాలామందికి దొరికే మొదటి ఉద్యోగం ఇలాంటిదే. పగలు పీజీ ఎంట్రన్సుకి చదువుకోవచ్చని కొందరు రాత్రి డ్యూటీలే అడిగి తీసుకుంటారు.

తను చేరేముందు ఒక పుస్తకం పంపాను. మిహయిల్ బుల్గాకోవ్ కథలు, మైకేల్ గ్లెనీ ఇంగ్లీషు అనువాదం, 'ఎ కంట్రీ డాక్టర్స్ నోట్‌బుక్'. బుల్గాకోవ్ 1916లో కీవ్ యూనివర్సిటీలో డాక్టరు పట్టా తీసుకుని, ఆ సెప్టెంబరులోనే స్మొలెన్స్క్ ప్రాంతంలోని నికోల్‌స్కొయే అనే పల్లె ఆసుపత్రికి వెళ్లాడు. పాతికేళ్లు. అక్కడ ఏడాది పనిచేశాడు. ఆ రోజుల మీద రాసిన కథలు 1925, 26లలో పత్రికల్లో వచ్చాయి, చాలావరకు ఒక వైద్య పత్రికలోనే.

ఈ కథల గురించి ఎవరు మాట్లాడినా ముందు భయం గురించే మాట్లాడతారు. నిజమే, భయం చాలా ఉంది. కుర్ర డాక్టరు బురదలో ఒక రోజంతా బండి ప్రయాణం చేసి ఆసుపత్రికి చేరతాడు. ఇంకా ఒక్క రోగీ రాలేదు. అప్పుడే ఎవరైనా హెర్నియా బిగుసుకుపోయి వస్తే నా గతేంటి అని మొదలెడతాడు. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి, కానీ హెర్నియాకి మార్కులతో పనిలేదు కదా. మా చెల్లి ఇది చదివి ఒకటే మెసేజ్ పెట్టింది: "అన్నయ్యా, నాది హెర్నియా కాదు, చిన్నపిల్లల ఫిట్స్."

నేను తిరిగి తిరిగి చదివింది మాత్రం ఇంకో కథ. బిడ్డ అడ్డం తిరిగిన ఒకావిడని అర్ధరాత్రి తీసుకొస్తారు. లోపలికి చెయ్యి పెట్టి బిడ్డని కాళ్లవైపు తిప్పాలి. డాక్టరుకి సంగతి అర్థమైంది గానీ, చెయ్యాల్సిన పని పేరు నోట్లోంచి రాదు, నసుగుతుంటాడు. పక్కనున్న మంత్రసాని ఆన్నా నికొలాయెవ్నా ఆగలేక, తనలో తను అనుకుంటున్నట్టుగా, ఆ పేరు అనేస్తుంది. పాతకాపు డాక్టరైతే ఈ చొరవకి గుర్రుగా చూసేవాడంటాడు కథకుడు. మనవాడు మాత్రం అంతా తనకి ముందే తెలిసినట్టు గంభీరంగా ఆ మాటే తిరిగి చెప్తాడు. తర్వాత సిగరెట్లు మర్చిపోయానని గదికి పరిగెత్తి ప్రసూతి గ్రంథం తిరగేస్తాడు. బుర్రకి ఒక్క ముక్కా ఎక్కదు. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆన్నా నికొలాయెవ్నా, అతనికి ముందు అక్కడ పనిచేసిన డాక్టరు ఇలాంటి కేసుల్లో ఏం చేసేవాడో కబుర్లలా చెప్తూ ఉంటుంది. ఆ పది నిమిషాలు అతను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఎక్కువ నేర్పుతాయి. తల్లీ బిడ్డా బతుకుతారు.

ఆవిడ పాఠం చెప్పలేదు. పక్కనుంచి మాట్లాడింది, అంతే. ఆసుపత్రిలో ఎవరి హోదా ఏంటో ఆవిడకి తెలుసు. ఆ హోదా చెడకుండా, రోగి చావకుండా, రెండూ ఒకేసారి చూసుకుంది.

ఇది వందేళ్ల కిందటి రష్యా సంగతి అనుకునేవాణ్ణి, చెల్లి ఆ ఆగస్టు రాత్రి గురించి చెప్పేదాకా.

తను చేరి మూడు వారాలు. తెల్లవారుజామున మూడున్నరకి ఒక కుర్రాణ్ణి ఆటోలో తెచ్చారు. ఇరవై ఏళ్లుంటాయి. కడుపునొప్పి, రెండు వాంతులు. పడుకునేదాకా బానే ఉన్నాడమ్మా అన్నాడు తండ్రి. పొట్ట మెత్తగానే ఉంది. బీపీ, పల్స్ బావున్నాయి. గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ చేసి పడుకోబెట్టడానికి అన్నీ కుదిరాయి. కానీ చెల్లికి ఒకటి నచ్చలేదు. పిల్లాడు మాట్లాడుతుంటే కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. నిద్రమత్తేమో, మూడున్నర కదా.

క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుకి ఇరవై ఏళ్ల సర్వీసు. కాన్యులా పెడుతూ, తలెత్తకుండానే అడిగిందట: "మేడమ్, రాత్రి కింద పడుకున్నాడా అని అడగమంటారా?"

ఆ ఒక్క ప్రశ్నతో చెల్లికి మొత్తం అర్థమైపోయింది. కట్లపాము. రాత్రిపూట తిరిగే పాము. నేల మీద నిద్రపోయేవాళ్లని కరుస్తుంది. కోరలు చిన్నవి, గాటు కనపడకపోవచ్చు, పెద్దగా నొప్పీ వాపూ ఉండవు. కాసేపటికి కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలడం, ఆ తర్వాత మింగలేకపోవడం, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోవడం. ఇదంతా తను చదివింది, పరీక్షలో రాసింది కూడా. పరీక్షలో మాత్రం ప్రశ్న పైనే పాముకాటు అని ఉంటుంది.

"అడగండి సిస్టర్," అంది. తండ్రి చెప్పాడు, కరెంటు పోతే వరండాలో చాప వేసుకున్నాడని.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్యలో. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చాప ఎంత మామూలు చాపో ఈ లెక్కలు చూశాక తెలిసింది.

తర్వాతి పనులు వరసగా జరిగాయి. పాము విషానికి విరుగుడు పది వయల్స్ సెలైన్‌లో కలిపారు. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టారు. చెల్లి ఆ కుర్రాణ్ణి ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టమంది. ఇరవై రెండు దాకా వచ్చాడు. పావుగంట తర్వాత పద్నాలుగు. అప్పుడు ఫోన్ తీసింది. ముందు ఫిజీషియన్‌కి, వెంటనే మత్తు డాక్టరుకి.

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. మా కంపెనీలో సర్వర్లకి రాత్రి కాపలా వంతులవారీగా ఉంటుంది. అలారం మోగాక పదిహేను నిమిషాల్లో నేను స్పందించకపోతే నా పైవాడి ఫోన్ దానంతటదే మోగుతుంది. అతన్ని లేపాలా వద్దా అని నేను తేల్చుకోనక్కర్లేదు. లేపినందుకు నన్నెవరూ తక్కువగా చూడరు. పోయేది మహా అయితే డబ్బులు. చెల్లి ఆసుపత్రిలో అలాంటి ఏర్పాటేమీ లేదు. ఎవర్ని, ఎప్పుడు లేపాలో తనే తేల్చుకోవాలి. లేపితే, దీనిక్కూడా ఫోన్ చేస్తావా అనే గొంతు వినాల్సి రావచ్చు. ఆ గొంతు రెండు మూడు సార్లు విన్నవాళ్లు నాలుగోసారి పొద్దున దాకా చూద్దాం అనుకుంటారు. కొత్త డాక్టర్ల చేతిలో రాత్రిళ్లు జరిగే నష్టంలో తెలియకపోవడం వాటా ఎంతో, అడగడానికి మొహమాటపడటం వాటా ఎంతో ఎవరు లెక్కగడతారు?

ఆ రాత్రి ఫిజీషియన్ ఒక్క రింగుకే ఎత్తాడు. పద్నాలుగు అన్న అంకె విని, "వస్తున్నా, ట్యూబు వేయడానికి రెడీగా ఉండండి," అన్నాడు. మత్తు డాక్టరు వచ్చి ట్యూబు వేసేసరికి అయిదున్నర. కుర్రాడు అయిదు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆరో రోజు ట్యూబు తీశాక ముందు ఫోన్ ఛార్జర్ అడిగాడట.

ఇండిపెండెంట్‌గా చేశావు కదా, ఎలా అనిపించింది అని అడిగాను. "ఇండిపెండెంట్ ఏంటి అన్నయ్యా, సిస్టర్ అడక్కపోతే నాకు కడుపునొప్పి దాటి ఎప్పుడు తట్టేదో," అంది. తర్వాత కాసేపాగి, "కానీ సంతకం నాదే," అంది.

ఆ రెండు మాటల మధ్యే ఈ ఉద్యోగం ఉందనిపిస్తుంది నాకు. బాధ్యత ఒక్కరిది, తెలివి ఒక్కరిది కాదు. పక్కనుంచి వచ్చే మాటని చిన్నతనంగా తీసుకోకుండా, దాని మీద తన పేరు పెట్టగలగడమే మొదటి ఏడాది నేర్చుకోవాల్సింది. బుల్గాకోవ్ కథలో కుర్ర డాక్టరు దర్పంగా ఆ మాట తిరిగి చెప్పినప్పుడు మొదట నవ్వొచ్చింది. ఇప్పుడు అందులో మర్యాద కూడా కనిపిస్తోంది. విన్నాడు కదా.

ఆ కుర్రాడి కేస్ షీట్లో, రాత్రి నేల మీద పడుకున్నాడు అని ఒక వాక్యం ఉంటుంది. కింద చెల్లి సంతకం, రిజిస్ట్రేషన్ నెంబరు. ఆ ప్రశ్న ఎవరికి తట్టిందో రాయడానికి కేస్ షీట్లో గడి లేదు. బుల్గాకోవ్ తన మంత్రసాని గొణిగిన మాటని దాదాపు పదేళ్లు గుర్తుపెట్టుకుని కథలో రాశాడు. ఈ సిస్టర్ మాట నేనిక్కడ రాసి పెడుతున్నాను.