చివరి పేజీల్లో ఉండాల్సింది

పని మధ్యలో తెరిచే పుస్తకమైతే నేను ముందు చివరి పేజీలు తిప్పి చూస్తాను. అకారాది సూచిక ఉందా లేదా అని.

మా గరికపాడు చుట్టుపక్కల మిర్చి, పత్తి ఎక్కువ. వ్యవసాయ పంచాంగం లాంటి పుస్తకాన్ని రైతు తెరిచేది చేలో తేడా కనబడ్డాకే. మిరపాకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. దేని మందు దానిదే. అప్పుడాయన నోట్లో ఉండే మాట పైముడత. పుస్తకంలో శీర్షికేమో రసం పీల్చే పురుగులు అని ఉండొచ్చు. సూచికలో రెండూ ఉండాలి, రెండింటి పక్కనా పేజీ నంబరుండాలి. ‘తామర పురుగు చూడుము’ అని ఇంకోచోటికి తిప్పకూడదు. 2021లో నల్లతామర పురుగు మిరప పూతను పాడుచేసింది కదా, అలాంటి కొత్త పేర్లు కూడా ఎప్పటికప్పుడు చేరాలి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, తలా ఒక పాత్రగా మారి ఆడే ఆటల రూల్‌బుక్కులదీ ఇదే సంగతి. 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వచ్చిన ఆట, ఇప్పుడు ఒక్కో పుస్తకం వందల పేజీలు. ఆటగాడొకడు రాక్షసుణ్ణి వాటేసి పట్టుకుంటానంటాడు. ఆట నడిపించేవాడు ఆ రూలు కోసం పేజీలు తిప్పుతుంటే మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. ఆట ఊపు పోయినట్టే.

పీడీఎఫ్‌లో వెతుక్కోవచ్చుగా అంటారు. వెతికితే ఆ మాటున్న ప్రతి పేజీ వస్తుంది. అసలు రూలు ఏ పేజీలో ఉందో చదివిన మనిషే చెప్పాలి. సూచిక తయారీ పేజీలన్నీ ఖరారయ్యాక చేయాల్సిన ఓపిక పని. పుస్తకాలు వేసేవాళ్లు దయచేసి దానికి నాలుగు రోజులు ఎక్కువివ్వండి.