పొంగని పిండి

నిరుడు జూన్‌లో మా అమ్మ తెనాలి నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ వచ్చింది. ఇక్కడ జూన్ అంటే చలికాలం. ఆమె రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి తెల్లారినా పొంగలేదు. డాక్టర్ని గదా, నాకు తెలుసుననుకుని మర్నాటి పిండిలో రొట్టెలకు వాడే ఎండు ఈస్టూ, చెంచాడు పంచదారా కలిపాను. పొంగింది గాని బీరు వాసన వేసింది. "ఇవి ఇడ్లీలు కావురా, రొట్టెలు" అంది అమ్మ.

తప్పు ఈస్టుది కాదు. పిండిపదార్థాన్ని విరిచే ఎంజైమును బయటికి వదిలే శక్తి రొట్టెల ఈస్టుకి లేదు. రొట్టెలో ఆ పని గోధుమపిండిలోని అమైలేజులు చేసిపెడతాయి. వచ్చిన చక్కెర అది తింటుంది. మన ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా అని 1965లోనే తేల్చారు. దానికి కావలసింది కాస్త వెచ్చదనం, మనకి కాస్త ఓపిక.

ఈ సంగతి పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే ఈస్టులన్నీ ఒకటి కావని తెలిసింది. రొట్టెల ఈస్టు జాతిలోనే డయాస్టాటికస్ అనే రకానికి ఎస్‌టీఏ1 వంటి జన్యువులున్నాయి. వాటి సాయంతో అది గ్లూకోఅమైలేజు తయారుచేసి, పిండిపదార్థపు గొలుసు చివరినుంచి ఒక్కొక్క గ్లూకోజునే తెంపుకుంటుంది. బీరు సీసాలో చొరబడితే మిగిలిన డెక్స్‌ట్రిన్లు తిని, గ్యాసు పెంచి, సీసానే పేల్చగలదు. ఇంతటిదీ ఎదురుగా గ్లూకోజు ఉంటే ఆ జన్యువును అణచి ఉంచుతుంది. ఎంజైము చెయ్యడం ఖర్చుతో కూడిన పని; తేరగా దొరుకుతుంటే ఎందుకు చేస్తుంది? గ్లూకోజు తగ్గాక ఎస్‌ఎన్‌ఎఫ్1 అనే ప్రోటీను చురుకై ఆ అణచివేతను సడలిస్తుంది.

అక్కడ చదవడం ఆపి మా ఆరేళ్ళ అమ్మాయిని తలుచుకున్నాను. నాయనమ్మ ఏం అడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పి నా వైపు చూసేది. నేను వెంటనే తెలుగు చేసి అమ్మకి అందించేవాణ్ణి. ఆ ఇంట్లో తేరగా దొరికే గ్లూకోజును నేనే!

ఆ తరవాత వారంపాటు నాకు రాత్రి డ్యూటీలు పడ్డాయి. పగలు నేను నిద్ర, మా ఆవిడ ఉద్యోగం. స్కూలు నుంచి వచ్చాక నాయనమ్మా, మనవరాలూ ఇద్దరే. నాలుగోరోజు పొద్దున్న ఇంటికి రాగానే అమ్మాయి ఎదురొచ్చి, "నాన్నా, పిండి పొంగింది!" అంది. లైటు మాత్రం వేసిన ఓవెన్‌లో గిన్నె పెట్టారట. ఆలోచన ఎవరిదో ఇద్దరూ చెప్పలేదు.

ఒక్క మాట మనవి చేస్తాను. చక్కెర ఆపితే మేలుకునేది జన్యువు ఉన్న ఈస్టే. లేనిదానికి మిగిలేది ఆకలి. మా అమ్మాయి పుట్టిననాటినుంచీ తెలుగు వింటూనే ఉంది కాబట్టి నోరు విప్పింది. వినిపించకుండా మాట్లాడమంటే పాపం, ఏ పిల్లలైనా ఎక్కణ్ణుంచి తెస్తారు?