అమ్మాయి చదివిన పుస్తకము

గడచిన దసరా సెలవులలో మేమొక పుస్తకమును దొంగిలించితిమి. దొంగతనమనిన పాఠకులు నవ్వుదురు గాబోలు. కాని సొంతదారు ఇంట లేని సమయమున ఆమె దిండు క్రిందనుండి పుస్తకమును తీసి మా బల్లసొరుగున పెట్టి తాళము వేసికొనుటకు వేరొక పేరు మాకు దొరకలేదు. ఆ సొంతదారు మా పెద్దమ్మాయి. 18 ఏండ్లు నిండినవి. కళాశాలలో మొదటి సంవత్సరము చదువుచు వసతిగృహమునుండి సెలవులకు వచ్చినది. పుస్తకమో, కాలీన్ హూవర్ అను అమెరికా రచయిత్రి 2016లో ప్రకటించిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' అను నవల.

పుస్తకమును నడిమికి తెరచి నాలుగు పుటలు చదివితిమి. కూతురి చేతిలో చూచుటకు తండ్రి యైనవా డిష్టపడని పుటలవి. ఇరువదేండ్లనుండి బడిలో పిల్లలకు కాళిదాసును వర్డ్సువర్తును బోధించుచున్న వారమగుటచే, చదువదగినదేదో చదువరానిదేదో నాలుగు పుటలలో తేల్చివేయగలమను నమ్మకము మాకు చాలకాలమునుండి కలదు.

మరునాడు అమ్మాయి ఇల్లంతయు వెదకి తుదకు మా యొద్దకు వచ్చినది.

"నాన్నా, నా పుస్తకం మీరు తీశారా?"

తీసితిమనియు, అది ఆమె యీడువారు చదువదగినది కాదనియు చెప్పితిమి.

"మీరు చదివారా?"

కొంత చదివితిమంటిమి.

"ఎంత?"

నాలుగు పుటలని చెప్పుటకు నోరు రాలేదు. ఆమె కొంతసేపు ఊరకుండి, "పాఠం చదవకుండా జవాబు రాసినవాళ్లకి మీరు సున్నా వేస్తారు కదా నాన్నా" అని లోపలికి పోయినది.

ఆ మాట మాకు తగిలినది. చదువుటకు నిశ్చయించితిమి. అయినను గ్రంథము చదువుటకు మునుపు దాని కులగోత్రములు విచారించుట పండితుల పాత జబ్బు. మేమును అదియే చేసితిమి.

యువజనుల పుస్తకములు వేరు, పిల్లల పుస్తకములు వేరు అను విభాగము మేము తలచినంత క్రొత్తది కాదు. 1802లోనే ఇంగ్లండున సారా ట్రిమ్మర్ అను విదుషీమణి తన పత్రికలో 14 ఏండ్ల లోపువారి కొక తరగతిని, 14 మొదలు 21 వరకు గలవారికి వేరొక తరగతిని ఏర్పరచినది. నేడు 'యంగ్ అడల్ట్' అని పిలువబడు నవల మాత్రము పెద్దలు పిన్నలకు చేయు బోధ కాదు. 1967లో 'ది అవుట్‌సైడర్స్' వెలువడినప్పుడు దానిని వ్రాసిన ఎస్. ఇ. హింటన్‌కు 20 ఏండ్లు లేవు. 15వ యేటనే ఆమె దాని నారంభించినది. తన యీడువారికని అచ్చగుచున్న కథలలో తాను చుట్టును చూచుచున్న బ్రతుకు కానరాకపోవుటయే ఆమె కలము పట్టుటకు కారణము. 1975లో జూడీ బ్లూమ్ వ్రాసిన 'ఫరెవర్' అను నవలకు ప్రేరణ నిచ్చినది ఆమె కూతురు. ఆనాటి కథలలో ప్రేమించిన పిల్లకు తుదకు ఘోరశిక్ష యేదో పడక తప్పదు. ఎవరును చావని ప్రేమకథ యొకటి వ్రాయుమని ఆ కూతురు తల్లి నడిగినది. తల్లి వ్రాసినది. 49 ఏండ్ల పిమ్మట, 2024లో, అమెరికాలోని యూటా రాష్ట్రము తన ప్రభుత్వ పాఠశాలలనుండి తొలగించిన 13 పుస్తకముల పట్టికలో ఇదియు చేరినది. మా బల్లసొరుగునకు అంత దూరమున నొక పెద్ద తోబుట్టువు కలదని తెలిసినప్పుడు మాకు సంతోషము కలుగలేదు.

ఇక 'న్యూ అడల్ట్' అను పేరు 2009లో వచ్చినది. సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అను ప్రచురణసంస్థ 18 ఏండ్లు దాటిన పాఠకులకు తగు వ్రాతప్రతులను కోరుచు ఈ పేరును ప్రచారమునకు తెచ్చినది. ఇల్లు విడిచి పోవుట, తొలి యుద్యోగము, తొలి కాపురము ఇందలి వస్తువులు. కాని యీ పేరులు అంగడి పలకలే గాని శాస్త్రవిభాగములు కావు. సారా జె. మాస్ అను రచయిత్రి నవల యొకటి 2015లో యువజనుల అరలో వెలువడి, 2020లో క్రొత్త అట్టతో పెద్దల అరకు చేరినది. కథ అదియే, అర మారినది. కావున అట్టపై పేరు చూచి చేతికిచ్చుటయు పొరపాటే, లాగికొనుటయు పొరపాటే.

ఇట్లు విచారణ ముగించి, మూడు రాత్రులు కూర్చుండి అమ్మాయి పుస్తకమును మొదటినుండి తుదివరకు చదివితిమి.

లిలీ అను పడుచు బోస్టన్ నగరమున పూలదుకాణము పెట్టుకొన్నది. తండ్రి తల్లిని కొట్టుచుండగా చూచుచు పెరిగినది. తాను మాత్రము ఆ తల్లి బ్రతుకు బ్రతుకనని తనకు తాను చెప్పుకొన్నది. రైల్ అను శస్త్రవైద్యుని ప్రేమించి పెండ్లాడినది. అతడు అందగాడు, బుద్ధిశాలి, ప్రేమ గలవాడు. ఒకనాడు కొట్టినాడు. వెంటనే కన్నీరు, క్షమాపణ. మరల కొట్టినాడు. ప్రతి మన్నింపుతోను తన యోర్పు హద్దు మరికొంచెము వెనుకకు జరుగుచున్నదని లిలీకి తెలియవచ్చినది. తుదకు ఆడుబిడ్డను కన్నది. ఆ బిడ్డ నెత్తుకొని యున్న భర్తను, రేపు ఈ కూతురు వచ్చి మగడు కొట్టుచున్నాడని చెప్పినచో నీవేమందువని అడిగినది. అతడు చెప్పవలసిన జవాబు అతనికే తెలిసినది. ఆమె విడిపోయినది. రచయిత్రి తన తల్లి జీవితమును మనస్సున నుంచుకొని దీనిని వ్రాసినది.

ఆ ప్రశ్న చదువునప్పటికి తెల్లవారుజాము మూడు గంటలు. అది ఆ వైద్యు నడిగినట్లు మాకు తోచలేదు.

మాకొక అక్కగారు కలరు. పెండ్లియైన రెండవ యేట ఆమె యొకనాడు చెప్పకుండ పుట్టింటికి వచ్చినది. వేసవికాలమైనను పైటను మెడ చుట్టును కప్పుకొని యున్నది. ఎందుకని మా యమ్మ లోపలికి పిలిచి అడిగినది, ఆమెకు తెలిసినది, మా అందరికిని తెలిసినది. "కాపురమన్నాక ఇవన్నీ మామూలే, సర్దుకోవాలి" అని మా నాన్నగారనిరి. నాలుగవనాడు ఆమెను తిరిగి పంపించిరి. బస్సు వరకు ఆమె సంచి మోసినది మేమే. అప్పటికి మేము పట్టపరీక్ష ఇచ్చియుంటిమి. స్త్రీవిద్యను గూర్చి వక్తృత్వపు పోటీలో బహుమానమునందియుంటిమి. బస్సు కదలు వరకును అక్కగారు మా ముఖము చూచుచునే యుండెను. మేము చిల్లర లెక్కపెట్టుచుంటిమి. బావగారు గతించి యేడేండ్లైనది. ఆనాటి మాట ఇంతవరకు మా యింట నెవరును ఎత్తలేదు.

ఉదయము తాళము తీసి పుస్తకమును అమ్మాయి చేతికిచ్చి, చదివితిమని చెప్పితిమి. అయినను పంతులతనము పోవునా? కథ మొదటి సగమున ఆ మనుష్యుని అంత మనోహరునిగా చిత్రించుట తప్పుగాదా యని అడిగితిమి.

"మంచివాడిలా కనిపించకపోతే ఆమె ఎందుకు ఉండిపోయిందో మనకెలా తెలుస్తుంది నాన్నా? అందరూ 'ఎందుకు వదిలి రాలేదు' అనే అడుగుతారు."

అతని బాల్యమున జరిగిన ఘోరమును చెప్పి అతనిపై జాలి పుట్టించుట మాత్రము ఏమి న్యాయమంటిమి.

"మీరు నలుడి కథ చెప్పినప్పుడు కలి పూనాడు కాబట్టి నలుడి తప్పు లేదన్నారు. అడవిలో నిద్రపోతున్న దమయంతి చీర సగం కోసుకుని వెళ్లిపోయాడు కదా నాన్నా. ఆమె క్షమించడం గొప్ప అని మీరే అన్నారు. ఈ కథలో క్షమించింది, కానీ తిరిగి వెళ్లలేదు. అంతే తేడా."

ఏటేట నలోపాఖ్యానమును చెప్పుచున్న మాకు ఆ పోలిక ఒక్కసారియైనను తట్టలేదు.

ఈ జాతి నవలలన్నియు నిర్దోషములని మేము చెప్పబోము. అమ్మాయి అలమారులోని మరికొన్నిటిని అడిగి తీసికొని చదివితిమి. కొన్నిటిలో నాయకుని యీర్ష్య ప్రేమకు గుర్తు. అతని కోపము మగతనమునకు గుర్తు. నాయిక యోర్చుకొన్నకొలది అతడు బాగుపడును. అట్టి కథ అబద్ధము. మేము భయపడవలసినది ఆ యబద్ధమునకు గాని శరీరమును వర్ణించిన పుటలకు గాదు. లాభాపేక్షయు కలదు. ఈ నవలకే రంగులు వేసికొను బొమ్మల పుస్తకమును 2023లో ప్రకటింపగా, దెబ్బలు తిన్న స్త్రీ కథ ఆటవస్తువా యని పాఠకులే నిలదీసిరి; రచయిత్రి క్షమాపణ చెప్పి దానిని మానుకొన్నది. పాఠకులలో పెక్కుమంది పడుచువారే. విచక్షణ మనకే గలదని తలచుట యెంత పొరపాటు!

సంస్కర్తలకు సైతము ఈ పొరపాటు కలదు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిన వీరేశలింగము పంతులుగారిని మేము నిత్యము స్మరింతుము. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము స్త్రీలు వినదగినది కాదని తీర్పు చెప్పినదియు ఆ మహానుభావుడే. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని సంపూర్ణముగా ప్రచురించిరి. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనము చేసికొనిరి. నిషేధము తొలగుటకు 1947 రావలసి వచ్చినది. స్త్రీల మేలు కోరువారు స్త్రీలేమి చదువవలెనో తామే నిర్ణయింపగోరుట మనలో పాతదే. పంతులుగారు చేసిన మేలులో వేయవవంతైనను మేము చేయలేదు. వారి పొరపాటును మాత్రము ఇంటిలో నిలుపుకొంటిమి.

కావున మా యభిప్రాయమిది. పడుచువారి పుస్తకములను పెద్దలు చదువవలెను; కాపలాకై గాదు, సంభాషణకై. ఈ కథలో నెవరు ఎవరికి లోబడుచున్నారు, కాదనుటకు ఆమెకు వీలున్నదా, ఆ లోబాటును రచయిత ప్రేమ యని పిలుచుచున్నారా యని కలసి విచారింపవలెను. అదే ప్రశ్నను మన ప్రబంధములను, సినిమాలను, ఇంటి పెద్దల మాటలను గూర్చియు అడుగుటకు సిద్ధపడవలెను. సిద్ధపడనివారికి పిల్లల పుస్తకములపై తీర్పు చెప్పు నధికారము లేదు.

సెలవులు ముగిసి వెళ్లునాడు అమ్మాయి, ఆ కథనంతయు అత్తకు తెలుగులో చెప్పితిననినది. అక్కగారికి ఇంగ్లీషు రాదు. రెండు సాయంకాలములు ఫోనులో విన్నదట. ఏమనినదని అడిగితిమి.

"అంతా విని ఒక్కటే అడిగింది నాన్నా. ఆ అమ్మాయికి వాళ్ల పుట్టింట్లో తలుపు తీశారా, అని."

తీసిరి. ఆ నవలలో తల్లియే కూతురిని వెనుకకు పోవలదని చెప్పినది. ఆ సంగతిని అమ్మాయి అత్తకు చెప్పియే యుండును. మేము చెప్పవలసినది వేరొకటి కలదు. అది ఫోనులో చెప్పదగినది కాదు. వచ్చే ఆదివారము అక్కగారి ఊరికి పోవుచున్నాము.