జౌగడ శిలలో పగులు

గంజాం జిల్లాలో ఋషికుల్యా నది చెంత, జౌగడ వద్ద, అశోకుడు క్రీ.పూ. 3వ శతాబ్దంలో చెక్కించిన శాసనాలలో చాలా పంక్తులు రాతి పొర పెచ్చులుగా ఊడిపోవడంతో తిరిగి రాని విధంగా నశించాయి. గ్రానైటు వంటి పెళుసు రాయి ఒక్కసారిగా విడిపోదు. పగులు కొసకు ముందు సూక్ష్మమైన చీలికలు గుమిగూడి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రేణువులు ఒకదానినొకటి పట్టుకొని కొంతసేపు నిలుస్తాయి గనుక, పగులు వెడల్పయ్యే కొద్దీ అది మోయగల ఒత్తిడి క్రమంగా సడలుతుంది. ఒక చదరపు మీటరు పగులు ఏర్పడడానికి వ్యయమయ్యే శక్తిని భంగశక్తి అంటారు.

ఈ సడలింపును 1976లో స్వీడన్‌లో హిల్లెర్‌బోర్గ్ బృందం కాంక్రీటు విషయంలో పరిమిత మూలకాల పద్ధతిలో, అనగా వస్తువును చిన్న ముక్కలుగా విభజించి గణించే పద్ధతిలో, ప్రవేశపెట్టింది. అయితే సడలింపును వికృతితో, అంటే సాగుదల నిష్పత్తితో, ముడిపెడితే పగులంతా ఒకే వరుస మూలకాలలో ఇరుక్కొని, ముక్కలను చిన్నవి చేసే కొద్దీ వ్యయశక్తి కూడా తగ్గిపోతుంది. రాతి గుణాన్ని గణకుడు గీసిన ముక్కల వల నిర్ణయించడం ఏ విధంగానూ సమ్మతం కాదు. 1983లో బజాంట్, ఓహ్ అనే ఇద్దరు పరిశోధకులు మూలకపు వెడల్పును బట్టి సడలింపు రేఖను సవరించి, భంగశక్తిని స్థిరంగా నిలిపారు.

జౌగడలో ఎండ, వాన, కాలం కూడా పగులును పెంచుతాయి కాబట్టి అక్కడి పగులును లెక్కగట్టడానికి ఈ రేఖ ఒక్కటే చాలదు. పైగా భంగశక్తిని కొలవడానికి నమూనాకు గాటు పెట్టి, వంచి విరవాలి. ఆ నమూనాను శాసనశిల నుంచి కాక, అక్షరాలు లేని అదే జాతి రాతి నుంచే తీయవలసి ఉంటుంది.