మంచు కింద మనుషులు

పర్వతారోహణ సాహిత్యం చదివిన వారికి వొక సంగతి తప్పక స్ఫురిస్తుంది. అందులో కొండ వుంటుంది. కొండతో పెనుగులాడే వీరుడుంటాడు. ఆ వీరుడికి దారి చూపినవాడూ మూట మోసినవాడూ మాత్రం వొక వాక్యంలో వచ్చి మరో వాక్యంలో మాయమవుతారు. ఆల్ప్స్ పర్వతాల మీద పుట్టిన యీ సాహిత్యం ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు మధ్యతరగతి వారిది. లాయర్లు, మతాచార్యులు, ప్రొఫెసర్లు వేసవి సెలవుల్లో వచ్చి, లోయల్లోని రైతులను కూలికి పెట్టుకుని, శిఖరాలెక్కి, యింటికి పోయి పుస్తకాలు రాశారు. రైతులు రాయలేదు.

గ్రెనోబుల్‌లో పరిశోధన చేస్తున్న రోజుల్లో నేను స్కీలు తొడుక్కోవడం నేర్చుకున్నాను. ఆ పరిచయం మీద 2023 ఏప్రిల్‌లో, ఫ్రాన్సులోని షామొనీ నుంచి స్విట్జర్లాండులోని జెర్మాట్ దాకా పోయే 'హోత్ రూత్' అనే ఎగువదారిన వెళ్ళాను. ఇది 1860ల ఆరంభంలో ఇంగ్లీషు ఆల్పైన్ క్లబ్బు వారు వేసవి నడకకు కనిపెట్టిన దారి. 1911లో స్కీల మీద మొదటిసారి పూర్తయింది. మేము ఆరుగురం, వొక గైడు. ఆరు రోజులనుకున్నది ఏడయింది. దీనికయ్యే ఖర్చుతో మా వూళ్ళో వొక కుటుంబం ఏడాది గడుపుకోవచ్చు. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

స్కీల అడుగున బొచ్చు పట్టీలు అంటిస్తారు. అవి ముందుకు జారుతాయి, వెనక్కు జారవు. పూర్వం సీలు చర్మం వాడేవారు గనుక యిప్పటికీ వాటిని తోళ్ళనే అంటారు. తెల్లవారకముందే, రాత్రి గడ్డకట్టిన మంచు యింకా గట్టిగా వుండగానే బయలుదేరాలి. ఎండ ముదిరితే మంచు మెత్తబడుతుంది, వాలు జారి మీద పడుతుంది. హిమానీనదాల మీద పగుళ్ళుంటాయి, వాటిపైన మంచు వంతెన కట్టి కప్పేస్తుంది; అందుకే నడుములకు తాడు. రాత్రి పర్వత సత్రాల్లో బస. ఆ సత్రాల్లో మనం తినే రొట్టె, కాగే సూపు హెలికాప్టరు మీద వచ్చినవి. ప్రకృతి ఒడిలో వున్నామన్న భావుకత అక్కడే సగం కరిగిపోతుంది.

మిగతా సగం ప్రాఫ్లెరి దగ్గర కరిగింది. మంచు కప్పిన ఆ లోయ నాకు ఆది నుంచీ మనిషి అడుగు సోకని చోటులా కనిపించింది. అదొక రాతి గని అని గైడు చెప్పాడు. గ్రాండ్ డిక్సాన్స్ ఆనకట్ట కాంక్రీటుకు కంకర అక్కడే తవ్వారు. ఆ ఆనకట్ట ఎత్తు 285 మీటర్లు. అందులో పోసిన కాంక్రీటు దాదాపు 60 లక్షల ఘనపు మీటర్లు. 1950లలో మొదలై 1961లో పూర్తయింది. ముప్ఫై అయిదు హిమానీనదాల నీళ్ళను సుమారు వంద కిలోమీటర్ల సొరంగాల ద్వారా దాని జలాశయంలోకి మళ్ళించారు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను మన కూలీలు రాయి మీద రాయి మోసి లేపిన సంవత్సరాలు కూడా అవే. సినిమా దర్శకుడు గొదార్ యువకుడిగా డిక్సాన్స్‌లో పనిచేసి, దాని మీద తన మొదటి లఘుచిత్రం తీశాడు. తీసిన చిత్రాన్ని కట్టుబడి కంపెనీయే కొనుక్కుంది. కొనుక్కోదగినట్టే తీశాడనుకోవాలి.

మా గైడు తండ్రి ఆ సొరంగాల్లో పనిచేశాడు. ఈ సంగతి తెలిసే అవకాశం కూడా వొక తగవు వల్ల వచ్చింది. డిస్ సత్రంలో రాత్రి భోజనం దగ్గర గైడు, మర్నాడు దక్షిణపు గాలి వస్తోంది, పైకి పోమన్నాడు. మాతో వచ్చిన వొక బ్యాంకు వుద్యోగి వొప్పుకోలేదు. తనకు సోమవారం పని వుంది, డబ్బు ముందే కట్టాడు, కిటికీలోంచి చూస్తే నక్షత్రాలు కనిపిస్తున్నాయి. గైడు గొంతు పెంచలేదు. "డబ్బు తిరిగి ఇప్పించమంటే ఇప్పిస్తాను. రేపు మాత్రం వెళ్ళం" అన్నాడు. ఆ అదనపు రోజు కూలి ఆయనకెవరూ యివ్వరని నాకు తర్వాత తెలిసింది.

సరిగ్గా ఆ దారిలోనే, 2018 ఏప్రిల్ చివర, పద్నాలుగు మంది తుపానులో చిక్కి రాత్రంతా బయట వుండిపోయారు. విన్యెత్ సత్రం అక్కడికి కొన్ని వందల మీటర్లే. ఏడుగురు చనిపోయారు. వారిలో గైడు వొకడు.

మర్నాడు గాలికి తలుపు తెరవలేకపోయాము. పనిలేని ఆ పగలంతా గైడు తాళ్ళు సరిచూసుకుంటూ మాట్లాడాడు. తండ్రి వేసవుల్లో ఆవులు, తక్కిన కాలం సొరంగం. రాతిపొడి పీల్చి సిలికోసిస్ వచ్చింది. అరవై నిండకుండానే మంచం పట్టాడు. తోటి కూలీల్లో ఇటలీ వారెందరో వుండేవారు. ఏడాదికి తొమ్మిది నెలల పర్మిటు. భార్యాబిడ్డలను తెచ్చుకునే హక్కు లేదు. తెచ్చుకున్నవాళ్ళు పిల్లల్ని గదుల్లో దాచి పెంచారు. ఆ చట్టం 2002 దాకా బతికింది.

మట్‌మార్క్ మాట కూడా ఆయనే ఎత్తాడు. జెర్మాట్‌కు తూర్పున పక్కలోయలో మరో ఆనకట్ట కడుతూ, కూలీల వసతులనూ క్యాంటీనునూ అలాలిన్ హిమానీనదం నాలుక కిందనే వేశారు. 1965 ఆగస్టు 30న మంచు విరిగిపడి 88 మంది చచ్చిపోయారు. వారిలో 56 మంది ఇటాలియన్లు. 1972లో ముద్దాయిలు పదిహేడుగురూ నిర్దోషులని తీర్పయింది. అప్పీలుకు వెళ్ళిన కుటుంబాల చేత కోర్టు ఖర్చుల్లో సగం కట్టించారు. బ్యాంకు పెద్దమనిషి యిదంతా వింటూనే వున్నాడు. ఏమీ అనలేదు గాని, సాయంత్రం గైడుకు కాఫీ తెచ్చి యిచ్చాడు.

ఆ మర్నాడు గాలి తగ్గింది. 3,790 మీటర్ల పీన్ దారొలా మీదుగా విన్యెత్ చేరాము. మర్నాడు మూడు కనుమలు దాటాము. చివరి కనుమ మీద మాటర్‌హార్న్ కనపడినప్పుడు నేను కూడా అందరిలాగే నిలబడిపోయాను. అందం అబద్ధం కాదు. కిందికి జారుతూ జ్మట్ దాటాము. అక్కడి నీళ్ళను పంపులతో ఎత్తి, కొండల కింది సొరంగాల గుండా డిక్సాన్స్ జలాశయానికే పంపిస్తారు. నాలుగు రోజుల పాటు మేము పైన వచ్చిన దారిలో, మా కాళ్ళ కింద, నీరు ఎదురు దిశలో పోతూనే వుంది. ఆ నీరు కూడా తరిగే ఆస్తే: 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాల మంచు పదోవంతు కరిగిపోయింది.

జెర్మాట్ మ్యూజియంలో వొక తెగిన తాడు వుంది. 1865 జూలై 14న మాటర్‌హార్న్ మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడు పడిపోయారు. మిగిలినవారు ఇంగ్లీషువాడు వింపర్, స్థానిక గైడు పీటర్ టౌగ్‌వాల్డర్, అతని కొడుకు. తాడు టౌగ్‌వాల్డరే కోశాడని పుకారు పుట్టింది. విచారణ అతన్ని నిర్దోషి అన్నది, పుకారు ఆగలేదు. వింపర్ పుస్తకం 1871లో వచ్చింది, లోకమంతా చదివింది. టౌగ్‌వాల్డర్ వాంగ్మూలం దశాబ్దాల పాటు కచేరీ కాగితాల్లోనే వుండిపోయింది.

గైడు మ్యూజియం లోపలికి రాలేదు. బయట బల్ల మీద కూర్చుని తోళ్ళు ఆరబెట్టుకున్నాడు. షామొనీలో మర్నాడు పొద్దున్నే మరో ఆరుగురు ఎదురుచూస్తారట. ఒక రోజు ఆలస్యమైనందుకు వారికి ఫోనులో క్షమాపణ చెప్పి, అయిదింటి రైలుకు పరుగెత్తాడు.