ఫైనల్ ఎప్పుడు అయిపోయింది?

మార్టిన్ స్కోర్సేసీ 1986లో తీసిన ‘ది కలర్ ఆఫ్ మనీ’ మాటొస్తే చాలామంది పాల్ న్యూమన్‌కి వచ్చిన ఆస్కార్ గురించో, టామ్ క్రూజ్ క్యూ కర్ర తిప్పుతూ వేసే చిందుల గురించో చెప్తారు. నాకు ఆ సినిమా అనగానే ఒక కవరు గుర్తొస్తుంది. వయసు మీదపడ్డ ఎడ్డీ, అట్లాంటిక్ సిటీ టోర్నమెంట్లో తను తయారుచేసిన కుర్రాడు విన్సెంట్ మీదే గెలుస్తాడు. ఆ గెలుపు ఇంకా ఒంట్లో ఉండగానే విన్సెంట్ వచ్చి ఒక కవరు చేతికిస్తాడు. అందులో ఎనిమిది వేల డాలర్లు. తాను ఓడిపోతానని పందెం కాయించి, కావాలనే ఓడిపోయి, గురువుగారి వాటా గురువుగారికి తెచ్చాడన్నమాట. అంత డబ్బు చేతిలోకొచ్చాక ఎడ్డీ మొహంలో కనపడేది అవమానం. ఆ తర్వాతి మ్యాచ్‌ని అతను మధ్యలోనే వదిలేసి పోతాడు.

పూల్ ఆడేవాళ్ళు దీన్ని ‘డంప్’ అంటారు. ఇది మోసమే, వాదన అక్కర్లేదు. కానీ దీని పక్కనే ఇంకో అలవాటు ఉంది. దాని పేరు ‘సేవర్’. ఫైనల్‌కి చేరిన ఇద్దరూ ఆటకి ముందు ఏ మూలనో నిలబడి, ఎవరు గెలిచినా ఓడినవాడికి ఇంత ఇవ్వాలని మాట్లాడుకుంటారు. కొన్నిసార్లు పది శాతం, కొన్నిసార్లు సగానికి సగం. కాగితం ఉండదు, మాటే ఉంటుంది. తర్వాత ఆట ఆడతారు, ఒకరు గెలుస్తారు, ఫోటోలు దిగుతారు. టికెట్ కొన్నవాడికి ఈ సంగతి తెలియదు.

ఇందులో తప్పెంత? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వదల్లేదు. ఎందుకంటే ఆటగాళ్ళ వైపు నుంచి చూస్తే వాళ్ళ మాటా సబబుగానే ఉంటుంది.

పూల్ ఆటగాడికి నెల జీతం లేదు. ఎంట్రీ ఫీజు, విమానం టికెట్, హోటల్ గది, అన్నీ జేబులోంచే. జేబులో లేకపోతే బ్యాకర్ అనే ఒక ఆసామి పెట్టుబడి పెట్టి, గెలిచినదాంట్లో వాటా పట్టుకుపోతాడు. పోనీ పెద్ద బహుమతి వచ్చిందా, అదైనా చేతికందుతుందని నమ్మకం లేదు. 2005లో ఇంటర్నేషనల్ పూల్ టూర్ అని ఒకటి పెట్టారు. 2006లో రీనోలో జరిగిన వరల్డ్ ఓపెన్‌లో ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయస్ గెలిచాడు. మొదటి బహుమతి 5 లక్షల డాలర్లు, పూల్ చరిత్రలో అప్పటిదాకా ఎవరూ వినని అంకె. తీరా చూస్తే టూర్ దగ్గర డబ్బు లేదు. ఆటగాళ్ళకి విడతలవారీగా ఇస్తామన్నారు, టూర్ మూతపడింది. ఇలాంటి బతుకులో ఉన్న ఇద్దరు మనుషులు ‘మనలో ఎవడు ఓడినా వట్టి చేతుల్తో పోకూడదు’ అనుకుంటే, అది బీమా కట్టుకోవడం లాంటిదే కదా?

నిర్వాహకులు ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఇంకో లెక్క చూడాలి. 2025 జులైలో జార్జియాలోని బాతుమిలో మహిళల చెస్ ప్రపంచ కప్ ఫైనల్. ఒకవైపు 38 ఏళ్ళ మన కోనేరు హంపి, ఇంకోవైపు 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్. మొదటి బహుమతి 50 వేల డాలర్లు, రెండోది 35 వేలు. అంటే ఫైనల్ బల్ల దగ్గర కూర్చునే సమయానికే ఇద్దరి ఖాతాలోనూ 35 వేలు పడ్డట్టే. ఇక పోటీ అంతా ఆ మిగిలిన 15 వేల కోసం, కిరీటం కోసం. రెండు క్లాసికల్ గేములూ డ్రా అయ్యాయి, టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ ఫైనల్ మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు. నేను చెప్పేది అంకెల సంగతి. ఎడ్వర్డ్ లేజియర్, షెర్విన్ రోజెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1981లో రాసిన ఒక పేపర్‌ సారం కూడా ఇదే: పోటీలో మనిషి ఒళ్ళు వంచేది బహుమతి మొత్తం చూసి కాదు, గెలుపుకీ ఓటమికీ మధ్య తేడా చూసి. నిర్వాహకుడు డబ్బు పెట్టి కొంటున్నది ఆ తేడానే. సగం సగం అనుకున్న క్షణంలో ఆ తేడా సున్నా అవుతుంది. నిర్వాహకుడు అదే డబ్బు ఇస్తాడు, కానీ కొన్న సరుకు మాత్రం అతనికి అందదు.

ఇవన్నీ నేను తర్వాత చదివినవి. కళ్ళారా చూసింది మాత్రం మా కలికిరిలో.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక సంక్రాంతికి మా ఊళ్ళో కుర్రాళ్ళు క్యారమ్స్ టోర్నమెంట్ పెట్టారు. అంగడి అంగడికీ తిరిగి చందాలు పోగేశారు. మొదటి బహుమతి పది వేలు, రెండోది నాలుగు వేలు. మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి, కుప్పం నుంచి కూడా ఆటగాళ్ళు దిగారు. నాకు స్కోరు రాసే పని అప్పజెప్పారు, కాబట్టి బోర్డుకి మూరెడు దూరంలో కూర్చుని అన్నీ చూశాను.

సెమీఫైనల్లో మా వీధి అన్న ఒకాయన, కుప్పం నుంచి వచ్చిన ఆటగాడితో తలపడ్డాడు. అట్లాంటి ఆట నేను మళ్ళీ చూడలేదు. చివరి బోర్డులో ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి. స్ట్రైకర్ పెట్టి, తీసి, పౌడర్ చల్లి, మళ్ళీ పెట్టి. రెడ్ పడింది గానీ మా అన్న దాన్ని కవర్ చెయ్యలేకపోయాడు. ఆట అక్కడే పోయింది. ఫైనల్ కుప్పం మనిషికీ పుంగనూరు మనిషికీ. జనం ఎగబడ్డారు, మైకు మోగిపోతోంది. ఆట కూడా చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఇద్దరూ నవ్వుకుంటూ, బోర్డు ఆ మూల నుంచి ఈ మూలకి తగిలించి కొట్టే కష్టమైన షాట్లు కొట్టి చప్పట్లు కొట్టించుకున్నారు. కుప్పం ఆయన గెలిచాడు.

సాయంత్రం బస్టాండు దగ్గర టీ అంగట్లో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నోట్లు లెక్కపెడుతున్నారు. పది వేలు గెలిచినాయన మూడు వేలు తీసి రెండోఆయనకిచ్చాడు. ఏడూ ఏడూ. నన్ను గుర్తుపట్టి ఏమీ దాచకుండా చెప్పాడు. “ఇద్దరం పొద్దున్నే అనుకున్న్యాం తమ్ముడూ. నేను రెండు బస్సులు మారి వచ్చినా, ఆయప్ప అంగడి మూసిపెట్టి వచ్చినాడు. ఎవురో ఒకరు ఇంటికి ఉత్త చేతుల్తో పోతే ఏం బాగుంటాది? ఆట ఆడినాం గదా, జనం చూసినారు గదా, ఎవురికేం నష్టం?”

ఎవరికేం నష్టం? నాకప్పుడు జవాబు తోచలేదు. చందా ఇచ్చిన అంగడివాళ్ళకి మంచి ఆటే దక్కింది. డబ్బు గురించిన భయం పోయాకే ఆటగాడి చెయ్యి కుదురుకుంటుందని, షాట్లు ఇంకా అందంగా వస్తాయని పూల్ వాళ్ళూ అంటారు. ఆ రోజు ఫైనల్ చూసినవాడెవడూ ఆ మాట కాదనలేడు.

జవాబు మా వీధి అన్న దగ్గర దొరికింది. ఈ సంగతి చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “నాతో ఆడేటప్పుడు వాని చెయ్యి ఎట్ల వణికిందో చూసినావు గదా. ఫైనల్లో ఆ వణుకు ఏడబాయ? అంటే వానికి ఫైనల్ నాతోనే అయిపాయ. నాకు మాత్రం అది సెమీస్ అని చెప్పినారు.”

నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఈ ముక్క ఇంత స్పష్టంగా దొరకలేదు. వాటాల గురించి మాట్లాడేటప్పుడు మనం ఫైనల్లో ఉన్న ఇద్దర్నీ, టికెట్ కొన్నవాళ్ళనీ మాత్రమే లెక్కేస్తాం. ఫైనల్‌కి రాని మూడో మనిషిని మర్చిపోతాం. ఆ ఇద్దరూ పొద్దున్నే మాట్లాడుకున్నారంటే, కుప్పం ఆయన సెమీస్‌లో ఆడుతున్నది ఖాయమైన ఏడు వేల కోసం. మా అన్న ఆడుతున్నది నాలుగో పదో తెలియని దాని కోసం. ఒకే బోర్డు మీద ఇద్దరూ రెండు వేరే పందేలు ఆడారు. ఆ సంగతి తెలిసింది ఒక్కడికే. మదనపల్లె టమాటా మండీలో వేలం పాడేవాళ్ళు ముందే కూడబలుక్కుంటే ఏమవుతుందో మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పాడినవాళ్ళిద్దరూ బాగానే ఉంటారు. బుట్టలు దించిన రైతు ఆ మాటలు జరిగిన చోట ఉండడు.

ఈ మూడో మనిషి పెద్ద ఆటల్లోనూ ఉన్నాడు. 1962లో క్యురసావ్‌లో జరిగిన చెస్ క్యాండిడేట్స్ పోటీలో పెట్రోస్యాన్, కెరెస్, గెల్లర్ అనే ముగ్గురు సోవియట్ ఆటగాళ్ళు తమలో తాము ఆడుకున్న 12 గేముల్నీ డ్రా చేసుకున్నారు. వాళ్ళు అలసట లేకుండా కూర్చుంటే మిగతావాళ్ళు ప్రతి గేమూ చెమటోడ్చి ఆడాల్సి వచ్చింది. బాబీ ఫిషర్ అమెరికా పత్రికకెక్కి గొడవ చేశాడు. ఫిడే ఆ పోటీ పద్ధతినే మార్చి, ఇద్దరిద్దరి మధ్య నాకౌట్ మ్యాచ్‌లు పెట్టింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, కావాలని ఓడిపోవడానికి ఆడిన నాలుగు మహిళల డబుల్స్ జంటల్ని బ్యాడ్మింటన్ నుంచి వెళ్ళగొట్టారు. అక్కడ డబ్బు పంపకం లేదు, క్వార్టర్స్‌లో ఎవరెదురవ్వాలన్న లెక్క ఉంది. అదే పోటీలో మన హైదరాబాద్ అమ్మాయి గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జంట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్ల తేడాతో గ్రూపు దశలోనే ఆగిపోయింది. తమ గ్రూపులో జపాన్, చైనీస్ తైపీ మధ్య జరిగిన మ్యాచ్ మీద మనవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు నిలవలేదు, ఆ మ్యాచ్‌లో తప్పు జరిగిందని ఎవరూ తేల్చలేదు. కానీ ఒక్కసారి ఆ గ్యాలరీలో వాళ్ళిద్దరినీ ఊహించుకోండి. తమ భవిష్యత్తు ఇంకెవరి ఆట మీదో ఆధారపడి ఉంది, వాళ్ళు మనసు పెట్టి ఆడారా లేదా అన్నది తెలుసుకునే దారి లేదు. ఆటలో దీన్ని మించిన నిస్సహాయత నాకు కనపడదు.

మరి పంచుకోవడమే తప్పా? టోక్యో ఒలింపిక్స్ హైజంప్‌లో ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు తంబేరి 2.37 మీటర్ల దగ్గర సమానంగా నిలిచి, ఇద్దరికీ బంగారం ఇవ్వొచ్చా అని అధికారిని అందరి ముందే అడిగారు. ఇవ్వొచ్చన్నాడు. ప్రపంచమంతా కళ్ళు తుడుచుకుంది. 2024 డిసెంబర్ 31న న్యూయార్క్‌లో, ప్రపంచ బ్లిట్జ్ చెస్ ఫైనల్లో కార్ల్‌సన్, నెపోమ్నియాచ్చి వరుసగా మూడు డ్రాల తర్వాత టైటిల్ పంచుకుంటామన్నారు. ఫిడే సరేనంది. మూడు రోజుల ముందు అదే ఊళ్ళో, అదే సంబరాల్లో మన హంపి చివరి రౌండు గెలిచి రెండోసారి ర్యాపిడ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ టైటిల్ ఎవరితోనూ పంచుకోలేదు. బ్లిట్జ్ నిర్ణయం మీద మాత్రం చెస్ అభిమానులు మండిపడ్డారు. ఫిడే ఒప్పుకోకపోతే చిన్న చిన్న డ్రాలు చేస్తూ పోదామని కార్ల్‌సన్ అన్న వీడియో బయటికొచ్చాక ఇంకా మండిపడ్డారు. అది జోక్ అని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది.

రెండూ బాహాటంగా జరిగినవే. ఒకదానికి చప్పట్లు, ఒకదానికి తిట్లు ఎందుకు? హైజంప్‌లో ఆ వీలు నిబంధనల్లో ముందు నుంచే ఉంది. అర్హత రౌండులో ఇంటికి పోయినవాడికి కూడా అదే నిబంధన వర్తించేది. బ్లిట్జ్‌లో ఒకరు గెలిచేదాకా ఆడాలని ముందు రాసుకున్నారు, ఇద్దరు పెద్దవాళ్ళు అడిగారని చివర్లో మార్చారు. అంతకుముందు నాకౌట్‌లో ఓడి వెళ్ళినవాళ్ళకి ఆ వీలు ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళూ మా వీధి అన్న లాంటివాళ్ళే.

కాబట్టి కుప్పం ఆయన మీద నాకు కోపం లేదు. రెండు బస్సులు మారి వచ్చినవాడికి బీమా కావాలి, ఆ కోరిక న్యాయమైనదే. బహుమతుల మధ్య అగాధం తగ్గిస్తే, సెమీస్‌లో ఓడినవాళ్ళకి కనీసం దారి ఖర్చులైనా ఇస్తే, సగం గుసగుసలు వాటంతటవే ఆగిపోతాయి. అయినా పంచుకోవాలనుంటే పంచుకోనివ్వండి. అయితే మొదటి రౌండుకి ముందే కరపత్రం మీద ఒక్క వాక్యం వెయ్యాలి: ఫైనల్‌కి వచ్చిన ఇద్దరూ ఒప్పుకుంటే డబ్బు సమానంగా పంచుకోవచ్చు, ఆ మాట ఆట మొదలుకాకముందే మైకులో చెప్పాలి. ఆ వాక్యం అక్కడ ఉంటే, ఆ సెమీఫైనల్ చివరి బోర్డు ముందు కూర్చునేసరికి తను దేనికోసం ఆడుతున్నాడో మా అన్నకి కూడా తెలిసుండేది.