నాడె, నాడి

చాలా రోజులుగా వ్రాయాలనుకొని వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది.

ప్రొద్దుటూరులో మా చిన్నాయన వాళ్ళది మగ్గం ఉన్న ఇల్లు. నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు పగలంతా వినిపించేది. ఆ చప్పుడు లెక్క తప్పితే చాలు, పోగు తెగిందని వంటింట్లో ఉన్న చిన్నమ్మకు తెలిసిపోయేది. తన గుండె సంగతి కూడా ఆమే ముందుగా కనిపెట్టింది. "నాడె తప్పినట్టు కొట్టుకుంటాంది రా నాయనా" అన్నది.

జమ్మలమడుగులో ఒక డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టగానే చిన్ననాటి కీళ్ళవాతపు జ్వరం గురించి అడిగారు. ఆ జ్వరం మిట్రల్ కవాటాన్ని ఇరుకు చేసిందట. రక్తం దిగక, ఎడమ పైగది ఏళ్ళ తరబడి సాగిపోయి, లయ తప్పి వణకడం మొదలుపెట్టింది. అలా వణికే గదిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. కవాటం మార్చవలసిందే అన్నారు. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పనిచేసి, పులివెందులలో వైద్యం సాగించిన రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా 2007లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ లేకపోతే, ఆ ఖర్చు మగ్గం మీద తీరేది కాదు.

ఆపరేషన్‌కు ముందురోజు సర్జన్ గారు ఇంకొక మాట అడిగారు. ఎలాగూ గుండె తెరుస్తున్నాము, లయను కూడా సరిచేయమంటారా? మరికొంత సేపు పడుతుంది, పేస్‌మేకర్ అవసరం పడే అవకాశమూ కొంత పెరుగుతుంది. చిన్నాయన ఫోను నా చెవికి చేర్చాడు: "సదువుకున్నోడివి, నువ్వే చెప్పు." నాకు భయం వేసింది. "కవాటం ఒక్కటి చాలు సార్" అన్నాను. మూడు నిమిషాలలో ముగిసిన సంభాషణ.

చదువుకున్నది ఆ తరువాత. ఆ చికిత్స పేరు మేజ్. మన పద్మవ్యూహమే అనుకోండి. 1987లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాక్స్ అనే సర్జన్ మొదటిసారి చేశారు. పైగదుల గోడలను వరుసగా కోసి కుట్టేవారు. మానిన మచ్చ గుండా విద్యుత్తు పోలేదు. దారి తప్పి సుడులు తిరిగే సంకేతాలు ఆగిపోతాయి, అసలు సంకేతానికి మాత్రం క్రింది గదులకు ఒక దారి మిగులుతుంది. తరువాతి కాలంలో చాలాచోట్ల కత్తికి బదులు వేడితోనో అతిశీతలంతోనో ఆ గీతలు గీస్తున్నారు. మిట్రల్ కవాటపు ఆపరేషన్‌తో పాటు ఇది చేయించుకున్నవారిలో నూటికి 63 మందికి, చేయించుకోనివారిలో 29 మందికి మాత్రమే ఆరు నెలలకూ ఏడాదికీ లయ నిలబడిందని 2015లో ప్రకటించిన ఒక పరిశోధన చెప్పింది. పేస్‌మేకర్లు మాత్రం ఎక్కువ పడ్డాయి. మరణాలలో ఆ ఏడాదికి చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే నా భయం పూర్తిగా తప్పు కాదు. కానీ అది నా భయం.

చిన్నమ్మ ఇప్పుడు పులివెందులలో కూతురి దగ్గర ఉంటుంది. లోహపు కవాటం కనుక, లయ కుదిరినా కుదరకపోయినా, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర తప్పదు. దానికి తగ్గట్టు రక్తపరీక్షలు, ఆకుకూరలు ఒకే కొలతలో. ఆ కొలత మీదే ఆమె కోపమంతా.

మొన్న వెళ్ళినప్పుడు మణికట్టు మీద వేలు పెట్టుకొని కూర్చుని ఉంది. ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ రోజే దీన్నీ సరిచేస్తామన్నారు చిన్నమ్మా. నేనే వద్దన్నాను."

"మీ చిన్నాయన ఎప్పుడో చెప్పినాడు లే" అన్నది వేలు తీయకుండానే. "నన్నడిగింటే సరే అందును."